ఇరవైనాలుగు పీటలు

జాలర్ల ఊరు న్సువానోలో మంగళవారం నాడు ఎవరూ సముద్రం మీదికి వెళ్ళరు. అది ఏ ఆఫీసరో ఇచ్చిన సెలవు కాదు, సముద్రుడు బొసొంపొ పెట్టిన నియమం. ఆ రోజు పడవలన్నీ ఇసుక మీద పక్కకు ఒరిగి నిద్రపోతాయి. మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటారు, ఆడవాళ్ళు మగవాళ్ళను బాగు చేస్తారు. తాతల నాటి ఏర్పాటు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మూడు వారాలుగా జాలర్ల సంఘం ఆఫీసులో కంప్యూటర్లు కూడా మంగళవారం సెలవు పుచ్చుకోవడం మొదలుపెట్టాయి. బుధవారం నుంచి సోమవారం దాకా బుద్ధిగా పనిచేసేవి. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసు తెరిచి మీట నొక్కేసరికి మాత్రం నెట్ ఉండేది కాదు.

“ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముందే అరబా?” అన్నాడు జాలర్ల పెద్ద నానా క్వెగ్యా. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆఫీసు వరండాలో కొత్తగా వేసిన బల్ల మీద భుజాన గుడ్డ సవరించుకుంటూ దర్జాగా కూర్చున్నాడు. “మంగళారం మేవే నీళ్ళలో వల వెయ్యం. నీ డబ్బాలకి మాత్రం భయం భక్తీ ఉండవా ఏంటి?”

“డబ్బాలకి దేవుళ్ళుండరు నానా,” అంది అరబా నిచ్చెన మీద నుంచి. “ఎక్కడో లోపం ఉంటది. అంతే.”

“మంగళారం పుట్టినదానివి. నీకే తెలియాలి మరి.”

వరండా అంతా గొల్లున నవ్వింది. అరబా అంటేనే మంగళవారం పుట్టిన పిల్ల అని. న్సువానో వీధిలో నిలబడి ఆ పేరుతో కేకేస్తే కనీసం ఆరుగురు వెనక్కి తిరుగుతారు. అందుకే నలభైమూడేళ్ళ ఈ అరబా ఎస్సుమన్‌ను ఊరు ఊరంతా తీగల అరబా అంటుంది. నిచ్చెన, నడుముకు పటకారు, తలకు రుమాలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళిలో కూడా పటకారు చేతిసంచిలో ఉందని ఆమె మొగుడే చెప్పుకుని తిరిగాడు.

మంగళవారం పుట్టడంలో ఒక లాభం ఉంది. ఆ రోజు తండ్రి ఇంట్లో ఉంటాడు. అరబా తండ్రి ఎగ్యా టావియా పన్నెండు మందిని ఎక్కించుకుపోయే పెద్ద పడవకు యజమాని. మిగతా ఆరు రోజులూ ఆయన తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు కాబట్టి, అరబాకు తండ్రి ముఖం పట్టపగటి వెలుతురులో కనపడింది మంగళవారాల్లోనే. ఆయన ఇసుకలో కాళ్ళు చాపుకుని, వల కొసను బొటనవేలికి తగిలించుకుని కూర్చునేవాడు. ఆ పిల్ల పక్కన కూర్చుని చూసేది. చిరుగు ఎక్కడుందో ఊహించి అక్కడికి గెంతకూడదు, ఒక కొసన మొదలుపెట్టి ఒక్కో కన్నూ వేళ్ళ మధ్య నుంచి పోనివ్వాలి అనేది ఆయన నేర్పిన మొదటి పాఠం. రెండో పాఠం ఆయన పడవలో చట్టం. ముడి వేసినవాడు ఆ ముడిని తనే సరిచూసుకోకూడదు, ఇంకో చెయ్యి చూడాలి.

“ఎవడి ముడి వాడికి ముద్దే,” అనేవాడు టావియా. “చేపకి మాత్రం కాదు.”

చదువయ్యాక అరబా రోడ్డు పక్క ఫోన్ల దుకాణంలో పనికి కుదిరింది. రాజధాని అక్రా నుంచి కొడుకు చేస్తాడని, టకొరాడి నుంచి మొగుడు చేస్తాడని జనం గంటలకొద్దీ బెంచీల మీద కూర్చుని ఎదురుచూసే రోజులవి. తరువాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి దుకాణం మూతపడింది. పదకొండేళ్ళ కిందట సంఘం ఆఫీసుకు కంప్యూటర్లు తెచ్చి బిగించడానికి టకొరాడి నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. రెండు రోజులు అరబా అతని నిచ్చెన మోసింది. మోస్తూ, ఈ తీగలో ఎనిమిది పోగులెందుకు, ఈ దీపం పచ్చగా ఎందుకు, ఆ దీపం మిణుకుమంటే ఏమిటి అని అతన్ని నమిలేసింది. మూడోరోజు పొద్దున్న అతను తన పాత పుస్తకాన్నీ ఒక పటకారునూ ఆమె చేతిలో పెట్టి, మొదటి బస్సెక్కి పారిపోయాడు. అప్పటి నుంచి ఆఫీసు నెట్ బాధ్యత అరబాదే.

నెట్‌వర్కు అంటే ఏమిటని అడిగినవాళ్ళకు ఆమె ఓపిగ్గా చెప్పేది. “మన రాజుగారితో ఎవరైనా తిన్నగా మాట్లాడతారా? మాట్లాడరు. ఒచ్యామెకి చెబితే ఆయన రాజుగారికి విన్నవిస్తాడు. జవాబు కూడా ఆయన నోటి వెంటే వస్తది. ఇదిగో ఈ గోడ మీది డబ్బా, రూటరు, మన ఒచ్యామె. ఈ కంప్యూటర్లన్నీ బయటి లోకంతో మాట్లాడాలంటే ఈయన ద్వారానే. సభకొచ్చిన ప్రతివాడికీ ఈయనే ఒక పీట చూపిస్తాడు. పీటకో నంబరుంటది. నంబరు లేనివాడి మాట సభలో చెల్లదు.” ఇంతకంటే తేటగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. చూసినా ఒప్పుకోను.

ఆఫీసులో నెట్ ముఖ్యంగా పడవ కార్డుల కోసం. కార్డు ఉంటేనే పడవ ఇంజనుకు పంపులో చమురు పోస్తారు. ఏటా ఈ నెలాఖరులోగా దాన్ని కొత్తది చేయించుకోవాలి, మనిషి వచ్చి వేలిముద్ర వెయ్యాలి. జాలరి ఒడ్డున దొరికేది మంగళవారమే. ఆ మంగళవారమే నెట్ చచ్చిపోతోంది. మూడు వారాలుగా వందమంది వచ్చి, వరండాలో కూర్చుని, ఆంటీ మాన్సా ఆకుల్లో చుట్టి అమ్మే మొక్కజొన్న ముద్ద కెంకే, వేయించిన చేప తిని, ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. లాభపడింది ఆంటీ మాన్సా ఒక్కతే.

చివరికి జిల్లా అధికారి ఆంపియా నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసు గుమాస్తా ఫీఫీ దాన్ని రెండుసార్లు చదివాడు. ఫీఫీ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, కంప్యూటరును దూరపు చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా, అనుమానంగా చూస్తాడు.

“వచ్చే మంగళారం ఆయనే వస్తాడంట సిస్టర్. ఆ రోజు కూడా పని నడవకపోతే కార్డుల పని మాన్‌కెసిమ్‌కి మార్చేస్తారంట.”

“మాన్‌కెసిమా? పోనూ రానూ ఒక రోజు పోదూ?”

“పోద్ది. నన్ను అక్కడికి బదిలీ చేస్తారంట. నీ సంగతి…” ఫీఫీ ఉత్తరాన్ని మళ్ళీ వెతికాడు, దయగల మాట ఏదైనా దొరుకుతుందేమోనని. “నీ సంగతి రాయలేదు.”

రాయకపోవడమే రాసినట్టు. పదకొండేళ్ళ ఉద్యోగం పోతుందని అరబాకు భయం వేసింది. అంతకు మించి సిగ్గు వేసింది. ఊళ్ళో ప్రతి పడవవాడూ తన చేతకానితనం వల్ల ఒక రోజు వేట వదులుకుని మాన్‌కెసిమ్ బస్సెక్కడం ఆమె కళ్ళకు కట్టింది.

బుధవారం నుంచి సోమవారం దాకా ఆమె తండ్రి మొదటి పాఠాన్ని అక్షరాలా పాటించింది. ఒక కొసన మొదలుపెట్టి ప్రతి తీగనూ వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది. ఎలుక కొరికిందేమో చూసింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగ కొసల బుడిపెలు కోసేసి కొత్తవి బిగించింది. కప్పెక్కి, నెట్ కంపెనీ వాళ్ళ తీగ వచ్చే గొట్టాన్ని కదిలించి చూసి, కాకుల గూడు ఒకటి తీసేసి, కాకుల చేత తిట్లు తింది. అన్నీ బాగానే ఉన్నాయి. అదే కదా బాధ. బుధవారం నాడు రోగం లేదు, రోగి బాగా నవ్వుతున్నాడు, వైద్యం దేనికి చెయ్యాలి? పైగా ప్రతి మంగళవారం తను ఏది మార్చితే, బుధవారానికి అదే మందులా పనిచేసినట్టు కనపడేది. మొదటి వారం తీగ మార్చింది, బుధవారం బాగైంది. రెండో వారం విద్యుత్తు డబ్బా మార్చింది, బుధవారం బాగైంది. మూడో వారం ఏమీ మార్చలేదు, అయినా బుధవారం బాగైంది. అప్పుడు మాత్రం ఆమెకు నిజంగా ఒళ్ళు మండింది.

సోమవారం సాయంత్రం నానా క్వెగ్యా ఒక సారా సీసా పట్టుకొచ్చాడు. “నాలుగు చుక్కలు గుమ్మంలో పోసి బొసొంపొకి ఒక మాట చెబుతానే. నీకు నమ్మకం లేకపోతే పోనీ, ఆయనకుంది.”

“పోసుకో నానా. తీగల మీద మాత్రం పొయ్యకు.”

నానా గుమ్మంలో నాలుగు చుక్కలు పోశాడు. మిగతా సీసా సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మంగళవారం పొద్దున్న ఆంపియా ఎనిమిది కాకముందే దిగాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు, చేతిలో రుమాలు. అప్పటికే వరండా కిటకిటలాడుతోంది. నీడ కోసం, వరస కోసం జాలర్లు ఆరింటి నుంచే వచ్చి కూర్చున్నారు. ఫీఫీ దేవుడికి దణ్ణం పెట్టి కంప్యూటర్ల మీటలు నొక్కాడు. ఎనిమిది కంప్యూటర్లూ లేచాయి. ఎనిమిదింటికీ నెట్ లేదు.

ఆంపియా గడియారం చూసుకున్నాడు. “పన్నెండింటి దాకా ఉంటానమ్మా,” అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. జాలిగా అన్నాడు.

అరబా రూటరును ఆర్పి వెలిగించింది. లాభం లేదు. తీగలు లాగి పెట్టింది. లాభం లేదు. ఫీఫీ కంప్యూటరు నంబరు చూసింది. నూట తొంభైరెండుతో మొదలవ్వాల్సింది, నూట అరవైతొమ్మిదితో మొదలైంది. మూడు మంగళవారాలూ ఆమె ఆ నంబరును చూసింది. ఒచ్యామె పీట ఇవ్వకపోతే కంప్యూటరు సిగ్గు దాచుకోవడానికి తనకు తానే రాసుకునే దొంగ నంబరు అది. ‘ఇది కనపడితే ముందు తీగ చూడు’ అని పాత పుస్తకంలో ఉంది. ఆమె తీగ చూసింది, మార్చింది, మళ్ళీ చూసింది. పుస్తకంలో ఆ తరువాతి పేజీ చిరిగిపోయి చాలా కాలమైంది.

నేల మీద చతికిలబడింది అరబా. వరండాలో ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు, ఆంటీ మాన్సా కెంకే ఆకులు విప్పుతోంది. మంగళవారం. ఇసుకలో కాళ్ళు చాపుకున్న తండ్రి గుర్తొచ్చాడు. ఆయన చెప్పిన రెండో మాటా గుర్తొచ్చింది. తీగలన్నీ చూసింది, కంపెనీ వాళ్ళ గొట్టం చూసింది, కాకుల గూడు కూడా చూసింది. తను స్వయంగా వేసిన ముడిని మాత్రం ఒక్కసారీ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

“అన్నా ఫీఫీ, ఇలా రా. రూటరు లోపల నేను రాసిపెట్టినవన్నీ తెరుస్తాను. పైనుంచి కింద దాకా బయటికి చదువు. అర్థం కానిదల్లా అడుగు.”

“నాకు ఏదీ అర్థం కాదు కదా సిస్టర్!”

“అందుకే నువ్వు.”

పీట ఇవ్వని ఒచ్యామెతో మాట్లాడటం ఎలాగంటే, తన కంప్యూటరును తీగతో నేరుగా ఆయనకే తగిలించి, ఒక మంచి నంబరు తనే చేత్తో రాసుకుంది. రూటరు తలుపు తెరుచుకుంది. ఫీఫీ కళ్ళజోడు సవరించుకుని బడిపిల్లవాడిలా చదవసాగాడు. పేరు ఇదెందుకు, తేదీ అదెందుకు అని అడిగాడు. అరబా జవాబిస్తూ పోయింది. ఆంపియా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“ఇక్కడ ‘ఇవ్వగల నంబర్లు, ఇరవైనాలుగు’ అనుంది. ఇరవైనాలుగే ఎందుకు?”

“మనకున్నవి ఎనిమిది కంప్యూటర్లు. మూడింతలుంటే చాలా ఎక్కువని…”

అరబా తల తిప్పి కిటికీలోంచి వరండా చూసింది. వందమంది మగవాళ్ళు. వంద చేతులు. ప్రతి చేతిలో ఒక ఫోను. ఒకడు ఫుట్‌బాల్ చూస్తున్నాడు, ఒకడు బోధకుడి ప్రసంగం వింటున్నాడు, ఇద్దరు ఒకే తెరలో తలలు దూర్చి ఎవరి పెళ్ళో చూస్తున్నారు.

“ఇప్పుడు పీటల మీద ఎవరున్నారో, ఆ జాబితా చదువన్నా,” అంది నీరసంగా.

జాబితాలో ఇరవైనాలుగు పేర్లున్నాయి. ఒక్కటీ ఆఫీసుది కాదు. మొట్టమొదటి పేరు ‘నానా క్వెగ్యా ఫోను’.

సంగతి తేలిపోయింది. ఆరింటికి వచ్చిన ఫోన్లు ఇరవైనాలుగు పీటలూ పట్టుకుంటున్నాయి. ఎనిమిదింటికి లేచిన కంప్యూటర్లు గుమ్మంలో నిలబడిపోతున్నాయి. రూటరు ఆర్పి వెలిగించినా, మెలకువగా ఉన్న ఫోన్లే ముందు ఉరుకుతున్నాయి. బుధవారం ఆ ఫోన్లన్నీ సముద్రం మీద ఉంటాయి కాబట్టి సభంతా ఖాళీ. బొసొంపొకు ఇందులో ఏ పాపమూ తెలియదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అరబా కప్పెక్కి కాకులతో పోట్లాడింది.

పటకారు పట్టుకునే వరండాలోకి వచ్చింది. “నానా! ఆఫీసు నెట్ పాస్‌వర్డు మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదే,” అన్నాడు నానా క్వెగ్యా.

“మరెలా తెలిసింది?”

నానా గుడ్డ కుచ్చెళ్ళు పైకెత్తుకుని, లేచి, పక్కకు జరిగాడు. ఆయన కూర్చున్న బల్ల పలక మీద పసుపు అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. ‘రేపు కూడా ఉంది.’

అది ఎగ్యా టావియా పడవ పేరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళూ పడవ ఇసుకలో పుచ్చిపోతూ ఉండిపోయింది. కిందటి నెలలో దాన్ని విప్పేసినప్పుడు, పేరున్న పలకను అరబాయే వడ్రంగి చేత బల్ల చేయించి, నిలబడి నిలబడి కాళ్ళు లాగే జాలర్ల కోసం వరండాలో వేయించింది. ఆ పేరునే రూటరుకు పాస్‌వర్డుగా పెట్టింది కూడా తనే.

“మొన్నామధ్య దీని మీద కూర్చుని ఊసుపోక అనుకున్నాను,” అన్నాడు నానా. “టావియా కూతురు తాళం వేస్తే ఇంకేం పేరు మీద వేస్తది అని. కొట్టి చూశాను, తెరుచుకుంది. ఇద్దరికే చెప్పానే. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను.”

న్సువానోలో ఎవరికీ చెప్పొద్దనడం అంటే డప్పు వేయించడమే. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఇక్కడ ఆ గుట్టును తెచ్చి వరండాలో వేసి, దాని మీద ఊరిని కూర్చోబెట్టింది ఇంటామే. అరబాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఎవరిని తిట్టాలో తెలియలేదు. రోజూ పొద్దున్న రూటరు తెరిచేటప్పుడు ఆ మూడు మాటలూ కొడుతుంటే తండ్రికి శుభోదయం చెప్పినట్టుండేది. ఇక అది ఉండదు. అటు తిరిగి ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఇరవైనాలుగు పీటల్ని రెండొందలు చేసింది. ఎనిమిది కంప్యూటర్లకూ ఎవరి పీట వాళ్ళకు పేరు రాసి పెట్టింది, ఎవరొచ్చినా ఖాళీ చెయ్యక్కరలేదు. ఆఫీసు దారికి కొత్త పాస్‌వర్డు పెట్టింది. వరండా వాళ్ళ ఫోన్లకు విడిగా ఇంకో దారి తెరిచి, దానికి పాత పాస్‌వర్డునే ఉంచింది.

“దాన్నెందుకుంచావమ్మా?” అని అడిగాడు ఆంపియా.

“వాళ్ళు కూర్చున్న బల్ల కదండీ,” అంది అరబా.

తొమ్మిది నలభైకి ఫీఫీ కంప్యూటరు నూట తొంభైరెండుతో మొదలయ్యే నంబరు చూపించింది. ఫీఫీ దాన్ని మనవడు పుట్టినంత ఆనందంగా చదివాడు. మొదటి వేలిముద్ర నానా క్వెగ్యాది. పన్నెండింటికి నలభైయొక్క కార్డులయ్యాయి. ఆంపియా ఫైలు తెరిచి, ‘కార్డుల పని న్సువానోలోనే కొనసాగవలెను’ అని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ వాక్యం కింద, ఎవరూ అడగకుండానే, ‘అరబా ఎస్సుమన్ గారి ఆధ్వర్యంలో’ అని చేర్చాడు. పోతూ పోతూ వరండాలో కెంకే కొనుక్కుని, అదే బల్ల మీద జాలర్ల మధ్య ఇరుక్కుని తిన్నాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక అరబా వచ్చి నానా పక్కన కూలబడింది. పసుపు అక్షరాల మీద అరచెయ్యి పెట్టుకుంది.

“మీ నాన్న ఉంటే నవ్వేవాడే,” అన్నాడు నానా. “ముందు తిట్టేవాడు, తరవాత నవ్వేవాడు.”

“తిట్టేవాడే నానా. ముడి ఇంకొకళ్ళకి చూపించలేదని.”

నానా కొత్త కార్డును వెలుతురుకేసి పట్టి, తన ఫొటో తనే మెచ్చుకుని, జేబులో పెట్టుకున్నాడు. “లోపలి తాళానికి కొత్త పేరేం పెట్టావే?”

“చెప్పను.”

“చెప్పకు. చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను ‘రొయ్యపిల్లా’ అని పిలిచేది. అదే కదూ?”

అరబా లేచి, లోపలికి వెళ్ళి, దాన్ని మళ్ళీ మార్చింది.